అటాచ్‌మెంట్ పోని మూడు రోజులు

ఆ సోమవారం పొద్దున నేను ఆఫీసుకి వచ్చేసరికి నా కుర్చీ ఎత్తు మారి ఉంది. శనివారం నేను వెళ్ళిపోయాక ఎవరో కూర్చుని కిందికి దింపుకున్నారు. కీబోర్డు సందుల్లో బిస్కెట్ పొడి, మౌస్ మీద జిడ్డు. ఇంకొకరి ఎంగిలి అంటే నాకు చిన్నప్పట్నుంచీ అసహ్యం. స్పిరిట్ దూది తెచ్చి తుడుచుకుని పనిలో కూర్చున్నాను.

పంజాగుట్ట చౌరస్తాకు కాస్త ఇవతల, చీరల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉండే చిన్న డయాగ్నొస్టిక్ సెంటర్ అది. రక్తపరీక్షలు, మూత్రపరీక్షలు, ఆపరేషన్లలో తీసిన ముక్కల పరీక్షలు అక్కడ చేసేవారు. రిపోర్టులు లోపల ల్యాబ్‌లో తయారై, మా డాక్టరమ్మ సంతకంతో నా కంప్యూటర్‌లోకి వచ్చేవి. వాటిని మెయిల్‌కి జోడించి ఆసుపత్రులకూ పేషెంట్లకూ పంపడం, ప్రింట్ అడిగినవాళ్ళకు ప్రింట్ తీసి కవర్లో పెట్టి ఇవ్వడం నా ఉద్యోగం. రెండేళ్ళుగా చేస్తున్నాను. కళ్ళు మూసుకుని చేసే పని. నిజంగానే కళ్ళు మూసుకుని చేశానని తర్వాత తెలిసింది.

మొదటి మెయిల్ రాసి, ఫైలు పెట్టడానికి క్లిప్పు బొమ్మ మీద నొక్కాను. తెర మధ్యలో తెల్లటి డబ్బా ఒకటి వచ్చింది. ఫైళ్ళ పేర్లు కనిపించబోతున్నాయి అనుకునేలోపు డబ్బా పోయింది, దాంతోపాటు మెయిల్ ప్రోగ్రాం మొత్తం పోయింది. తప్పు జరిగిందన్న మాట ఒక్కటీ తెర మీద రాలేదు. మళ్ళీ తెరిచాను. మళ్ళీ నొక్కాను. మళ్ళీ పోయింది. ఫైలు లేకుండా ఉత్త మెయిల్ పంపితే చక్కగా వెళ్తోంది. వచ్చేవి వస్తున్నాయి. ఫైలు జోడించబోతే మాత్రం మూసుకుపోతోంది.

మేనేజర్ దగ్గరికి వెళ్ళి చెప్పాను. మా వైపు మనిషే, గోదావరి జిల్లా. ప్రతి మాటకీ 'అండీ' తగిలించి అవమానించడం ఆయనకు బాగా వచ్చు.

"మీరేం నొక్కారండీ?" అన్నారు.

"క్లిప్పు నొక్కానండీ. రోజూ నొక్కేదే."

"ఏదో ఒకటి నొక్కే ఉంటారు. ఊరికే పోదు కదండీ!"

కంప్యూటర్ల బాగోగులు చూసే కంపెనీ ఒకటి ఉంది. ఫోన్ చేస్తే అవతలి గొంతు, "రీస్టార్ట్ చేశారా మేడమ్?" అంది. చేశానన్నాను. "ఇంకోసారి చెయ్యండి మేడమ్." ఇంకోసారి చేశాను. మధ్యాహ్నం ఎవరో దూరం నుంచే నా కంప్యూటర్‌ని చేతిలోకి తీసుకున్నారు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే తెర మీద బాణం దానంతటదే తిరుగుతోంది. మెయిల్ ప్రోగ్రాం తీసేసి మళ్ళీ ఎక్కించింది ఆ కనిపించని చెయ్యి. ఆసుపత్రి పేరున ఆసుపత్రికి, నెల పేరున నెలకి నేను రెండేళ్ళు కట్టుకున్న ఫోల్డర్లన్నీ ఆ దెబ్బతో పోయాయి.

"ఇప్పుడు చూడండి మేడమ్."

క్లిప్పు నొక్కాను. పోయింది.

"మీ సిస్టమ్ పాతదైపోయింది మేడమ్. మేం చేసేదేం లేదు." ఫోన్ పెట్టేసిన నిమిషానికి మెసేజ్ వచ్చింది: మీ సమస్య విజయవంతంగా పరిష్కరించబడింది, మా సేవకు ఎన్ని స్టార్లు ఇస్తారు? ఫోన్ విసిరి కొట్టాలనిపించింది.

ఇదంతా జరుగుతుంటే నా కౌంటర్ ఎదురుగా ఒకావిడ కూర్చుని ఉంది. నలభై దాటి ఉంటాయి. సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాప్‌లో ప్యాకింగ్ పని. భర్త అక్కడే లేత్ మిషన్ మీద చేస్తాడు. అతని నాలుక పక్కన మానని పుండు ఉంటే, పక్క వీధిలో ఉన్న ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి మాకు పంపారు. అది క్యాన్సరా కాదా అని మేం చెబితే అక్కడ డాక్టర్లు తర్వాతి పని చూస్తారు. రిపోర్టు సిద్ధంగా ఉంది. ప్రింట్ తీసి, కవర్ అంటించి ఇచ్చాను. గంటలో తిరిగొచ్చింది.

"మేడం, కాయితం వద్దంటున్రు. మెయిల్లనే రావాల్నట. జర పంపుండ్రి మేడం, గాయన పొద్దుగాల నుంచి ఏం తింటలేడు, ఒకటే రంది."

పంపలేకపోతున్నానని చెప్పాను. ఆమె తెర వైపు చూసింది, నా వైపు చూసింది. చదువుకున్నదానివి, నీకే చేతకాకపోతే ఎలా అన్నట్టు ఉంది ఆ చూపు. వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

మంగళవారం కూడా అంతే. ల్యాబ్ మెయిల్ నా ఫోన్‌లో పెట్టుకుంటాను, పాస్‌వర్డ్ ఇవ్వండి అని మేనేజర్‌ని అడిగాను. "సెక్యూరిటీ అండీ, అలా ఇవ్వకూడదు," అన్నారు. బయట మెకానిక్‌ని పిలుద్దామంటే, "బయటివాళ్ళు మన సిస్టమ్ ముట్టుకోకూడదండీ," అన్నారు. వేరే కంప్యూటర్ నుంచి పంపుదామంటే లోపల ల్యాబ్‌లో మిషన్లకు తగిలించినవి తప్ప ఇంకోటి లేదు. ఇక లాభం లేదని ప్రింట్ పట్టుకుని నేనే ఆమెతో ఆసుపత్రికి బయల్దేరాను. వాన పడుతోంది. ఫ్లైఓవర్ కింద నీళ్ళు నిలిచి ఉన్నాయి, బస్సు వెళ్ళినప్పుడల్లా నల్లటి బురదనీళ్ళు చీర కుచ్చెళ్ళ దాకా లేస్తున్నాయి. ఆమె తన కొంగు తీసి కవర్ మీద కప్పింది.

ఆసుపత్రి కౌంటర్‌లో ఉన్నాయన ఫోన్ లోంచి తల ఎత్తలేదు.

"ఆ ల్యాబ్ నుంచే వచ్చానండీ. రిపోర్టు ఇదే. మా మెయిల్ పనిచెయ్యట్లేదు."

"మెయిల్‌లోనే రావాలి."

"నా సొంత మెయిల్ నుంచి పంపనా?"

"ల్యాబ్ అడ్రస్ నుంచి రావాలి మేడమ్. కాగితం మీద ఎవరైనా ఏమైనా మార్చుకోవచ్చు."

అప్పుడు ఆ మాటకి నాకు ఒళ్ళు మండిపోయింది. మనిషిని నమ్మరు, కాగితాన్ని నమ్మరు, కూలిపోయే ప్రోగ్రాంని మాత్రం నమ్ముతారు అని దారంతా తిట్టుకుంటూ వచ్చాను. ఆ రోజంతా నోట్లో చేదుగా ఉంది.

బుధవారం మేనేజర్ ఏదో మీటింగ్‌కని మాసబ్ ట్యాంక్ వెళ్ళారు. సాయంత్రం దాకా రానన్నారు. మధ్యాహ్నం అన్నం డబ్బా తెరవకుండా మెట్రో ఎక్కి అమీర్‌పేటలో దిగాను. ఒక్క స్టేషనే. కంప్యూటర్ కోర్సుల బోర్డుల కింద నుంచి, చేతుల్లోకి కరపత్రాలు దూర్చేవాళ్ళని తప్పించుకుంటూ, నాకు తెలిసిన సందులోకి వెళ్ళాను. అక్కడ ఒకాయన కంప్యూటర్లు బాగుచేస్తాడు. యాభై పైబడిన మనిషి. అలమారంత దుకాణం. నా పాత ల్యాప్‌టాప్‌ని రెండుసార్లు బతికించాడు. అందరూ ఆయన్ని అన్న అంటారు, నేనూ అంతే.

విషయం చెప్పాను. "గా కంపెనోళ్ళు మెయిల్ తీసి మళ్ళ ఏసిన్రా? మళ్ళ కూలిందా? అయితే తప్పు మెయిల్ది కాదమ్మా," అన్నాడు. చిన్న సంచీ భుజాన వేసుకుని నాతో వచ్చేశాడు.

సనత్‌నగర్ ఆవిడ ఆ రోజూ అక్కడే ఉంది. ఆయన నా కుర్చీలో కూర్చుని, క్లిప్పు నొక్కి, ప్రోగ్రాం పోవడం రెండుసార్లు ప్రశాంతంగా చూశాడు. తర్వాత రిపోర్టులున్న ఫోల్డర్ విడిగా తెరిచి, ఫైలుని మౌస్‌తో పట్టుకుని ఈడ్చి మెయిల్ మీద వదిలాడు. అది అతుక్కుంది.

"ముందు గామె పని కానియ్యి. పంపు."

పంపాను. వెళ్ళింది. మూడు రోజులు నేను ఏడ్చిన పని, ఫైలుని ఈడ్చి వదిలితే అయిపోయింది. చెప్పగానే ఆమె లేచి నిలబడి, "పోయిందా మేడం? మస్తు పుణ్యముంటది మీకు," అని నా చెయ్యి పట్టుకుని ఊపి, మెట్ల మీద దబదబ దిగి వెళ్ళింది. నాకూ ప్రాణం తేలికపడింది.

"పని నడుస్తది గానీ రోగం పోలే," అన్నాడు అన్న. ఏ ప్రోగ్రాం ఎప్పుడు, ఎందుకు ఆగిపోయిందో కంప్యూటర్ తనలో తాను రాసుకునే చిట్టా ఒకటి ఉంటుందట. అది తెరిచాడు. సోమవారం నుంచి ప్రతిసారీ ఒకే పేరు. వేలు పెట్టి చూపించాడు. "చూడు, గీడు చంపుతుండు మీ మెయిల్ని. ఫైళ్ళ డబ్బా తెరిచినప్పుడల్లా నడుమల దూరుతుండు."

"ఎవరది?"

"పీడీఎఫ్‌లు దిద్దే సాఫ్ట్‌వేర్. అసలుది కాదు, దొంగ కాపీ. శనివారం ఎక్కించిన్రు." నా వైపు తిరిగాడు. "నీకు రిపోర్టులు దిద్దే పని ఉంటదా అమ్మా?"

"లేదన్నా. సంతకంతో సహా లోపల్నుంచే వస్తాయి. నేను ముట్టుకోకూడదు."

"మరి గిదెందుకు పెట్టిన్రు?"

ఆయన దాన్ని తెరిచాడు. ఇటీవల వాడిన ఫైళ్ళు ఎడమవైపు వరసగా కనిపించాయి. తొమ్మిది రిపోర్టులు. అన్నీ ముక్కల పరీక్షలవే. అన్నిటికంటే పైన 'మేడమ్ సైన్' అని ఒక బొమ్మ. ఆయన దాని మీద నొక్కాడు. మా డాక్టరమ్మ సంతకం తెరంత పెద్దదిగా వచ్చింది. పాత కాగితం నుంచి కత్తిరించినట్టుంది, చుట్టూ బూడిదరంగు నీడ.

డాక్టరమ్మకు పోయిన శుక్రవారం కంటి ఆపరేషన్ అయింది. ఆ సంగతి నాకు తెలుసు. ఆవిడ రావట్లేదనీ తెలుసు. ఆవిడ సంతకంతో రిపోర్టులు వస్తున్నాయనీ తెలుసు, నేనే ప్రింట్లు తీసి కవర్లలో పెట్టి ఇచ్చాను. కంటికి కట్టుతో ఉన్న మనిషి మైక్రోస్కోప్‌లో ఎలా చూస్తోందని సోమవారం నుంచి ఒక్కసారీ అడగలేదు. తొమ్మిదింటి పేర్లు చదివాను. ఐదో పేరు సనత్‌నగర్ ఆవిడ భర్తది. క్యాన్సర్ లేదు అని ఉన్న ఆ రిపోర్టుని పది నిమిషాల క్రితం నా చేత్తో నేనే పంపాను.

నోట్లో నీళ్ళూరాయి, వాంతికి ముందు ఊరినట్టు.

అప్పుడే మేనేజర్ వచ్చారు. మీటింగ్ తొందరగా అయిపోయిందట. తెర చూశారు, అన్నని చూశారు.

"ఎవరండీ ఈయన? పని అయిందా? అయితే చాలు, ఇంక వెళ్ళమనండి."

అన్న మళ్ళీ తెర వైపు తిరిగాడు. ఆ దొంగ కాపీని తీసేసి, క్లిప్పు నొక్కి చూపించాడు. ఫైళ్ళ జాబితా మామూలుగా తెరుచుకుంది. సంచీ సర్దుకున్నాడు. తలుపు దగ్గర దాకా వెళ్ళాను. "మెయిల్ ఇంక కూలదమ్మా. మిగిలింది నా రిపేర్ల లేదు. నువ్వే చూస్కోవాలె," అని దిగిపోయాడు.

లోపలికి వచ్చి మేనేజర్‌ని అడిగాను. "ఆ తొమ్మిదీ డాక్టర్ గారు చూశారా?"

"కన్ను ఆపరేషన్ అయినావిడ ఎలా చూస్తారండీ? మన సీనియర్ టెక్నీషియన్ చూశాడు. ఇరవై ఏళ్ళ అనుభవం. డాక్టర్ల కంటే బాగా చెబుతాడు. సంతకం ఒక ఫార్మాలిటీ." ఆయన గొంతులో బెరుకు లేదు. విసుగు ఉంది, అంతే. "పేషెంట్లని వారం రోజులు ఏడిపించమంటారా? అంత పెద్ద విషయం కాదండీ ఇది. మీరు కూడా సోమవారం నుంచి ఇవే ఇస్తున్నారు కదా కవర్లలో పెట్టి!"

ఆఖరి మాట అంటూ నవ్వారు. ఇద్దరం ఒక కంచంలో తిన్నవాళ్ళమే కదా అన్నట్టు నవ్వారు. నాకు ఒళ్ళంతా తేళ్ళు పాకినట్టయింది. ఆయన మీద ఎంత రోత పుట్టిందో నా మీద నాకు అంతకంటే ఎక్కువ పుట్టింది. కుర్చీ కిందికి దింపుకుని, బిస్కెట్లు తింటూ, ఒక్కో రిపోర్టు కింద ఆ సంతకం అతికించింది ఈయనే.

మెట్ల మీదికి వచ్చి డాక్టరమ్మకు ఫోన్ చేశాను. కింద దుకాణంలో ఎవరికో చీరలు విప్పి చూపిస్తున్నారు. జరిగిందంతా ఆవిడకు చెప్పాను.

"రక్తపరీక్షలకు నా పేరు వాడుకోమని నేనే అన్నాను," అన్నారావిడ. "అదీ తప్పే. కానీ ముక్కలవి కూడానా?"

"తొమ్మిది, మేడమ్."

"ఆ ముక్కల గాజు స్లైడ్లు అక్కడే ఉన్నాయా? ఎవర్నీ ముట్టుకోనివ్వకు. నేను వస్తున్నా."

నేను నా బ్యాగు కూడా తీసుకోకుండా ఆసుపత్రికి పరిగెత్తాను. సనత్‌నగర్ ఆవిడ, భర్త పక్కపక్కన బెంచీ మీద కూర్చుని ఒకే గ్లాసులో చాయ్ తాగుతున్నారు. రిపోర్టు చేరిందని, గండం గడిచిందని వాళ్ళకు అప్పటికే చెప్పేశారు. ఆమె నన్ను చూసి నవ్వి, జరిగి చోటిచ్చింది. నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. ఆ రిపోర్టుని డాక్టర్ చూడలేదని, సంతకం అతికించిందని, మళ్ళీ చూపించేదాకా దాన్ని నమ్మవద్దని.

ఆయనకు అర్థం కాలేదు. ఆమెకు మెల్లగా అర్థమైంది.

"అంటే, మూడు దినాలు నేను మీ కాడ కూసున్నది గా దొంగ సంతకం కోసమా?"

అవునన్నాను.

"నేను గాడనే ఉన్న కదమ్మా. నీ ముంగటనే ఉన్న. గట్ల ఇచ్చేదుంటే మొదటి దినమే నాకు ఎరుక చేస్తే, ఇంకో కాడ చూపించుకుందుము కద." అరవలేదు. పక్కకు తిరిగి, కింద డబ్బాలో ఉమ్మింది. ఆ ఉమ్మి నా మీద పడలేదు గానీ, పడినట్టే ఉంది.

ఆ సాయంత్రం డాక్టరమ్మ నల్ల కళ్ళద్దాలతో ఆటోలో వచ్చారు. మేనేజర్ కుర్చీ జరిపి "రండి మేడమ్" అంటే ఆ వైపే చూడలేదు. స్లైడ్లున్న పెట్టె తీసుకుని, తన స్నేహితురాలైన ఇంకో డాక్టర్‌కి చూపించడానికి వెళ్ళారు. వెళ్ళే ముందు నాతో ఆసుపత్రికి మెయిల్ రాయించారు, పంపిన రిపోర్టుని వెనక్కి తీసుకుంటున్నామని. మిగతా ఎనిమిది మందికీ నేనే ఫోన్లు చేశాను. కొందరు తిట్టారు. ఒకాయన ఏం వినకుండానే సరే సరే అని పెట్టేశాడు.

మర్నాడు మొదట తేలింది సనత్‌నగర్ వాళ్ళదే. ఫలితం మారలేదు, క్యాన్సర్ లేదు. మేనేజర్ నా బల్ల దగ్గరికి వచ్చి, "చూశారా అండీ? అనవసరంగా ఇంత గోల," అన్నారు. నేను ఆయన మొహం చూశాను. నిజంగానే గెలిచాననుకుంటున్నారు. చేసిన పనికి సిగ్గుపడనివాణ్ణి తిట్టొచ్చు, కొట్టొచ్చు. ఆయనకు సిగ్గు ఉండాలనే తెలియదు. అలాంటి మనిషి పీల్చి వదిలిన గాలి పీలుస్తూ రెండేళ్ళు కూర్చున్నానని చీదర పుట్టింది.

ఆమెకు ఫోన్ చేసి చెప్పాను. "మంచిది," అంది. "డాక్టరమ్మకు దండం చెప్పుండ్రి." నా ఊసు ఎత్తలేదు.

శనివారానికి మిగతావన్నీ చూడటం పూర్తయింది. ఎనిమిదిలో ఏడు అలాగే ఉన్నాయి. ఒకటి మారింది. నేను ఎన్నడూ చూడని ఒక పెద్దాయనది, కొరియర్‌లో వచ్చిన ముక్క. లేదు అని రాసిన చోట ఉంది అని రావాల్సి వచ్చింది. డాక్టరమ్మ కొత్త రిపోర్టు మీద, స్లైడ్ చూసిన స్నేహితురాలి సంతకం పక్కన, నా ఎదురుగా కూర్చుని, కన్ను చికిలిస్తూ, పెన్నుతో సంతకం చేశారు. స్కాన్ చేసి మెయిల్‌కి జోడించాను. ఫైళ్ళ జాబితా చక్కగా తెరుచుకుంది. పంపేముందు ఫోన్ చేస్తే వాళ్ళబ్బాయి ఎత్తాడు. డాక్టరమ్మ నా చేతిలోంచి ఫోన్ తీసుకుని తానే మాట్లాడారు, చాలాసేపు.

ఆ వారమే డాక్టరమ్మ అక్కడ పని మానేశారు. ఇలా జరిగిందని ఆరోగ్యశాఖ అధికారులకు రాశారు, అందులో తన తప్పు కూడా రాసుకున్నారు. విచారణకు ఎవరో వచ్చి నన్ను ఒక గంట ప్రశ్నలడిగారు. చూసిందంతా చెప్పాను, కవర్లలో పెట్టి ఇచ్చింది నేనేనని కూడా చెప్పాను. నేనూ రాజీనామా చేశాను. మేనేజర్ కొన్నాళ్ళు కనిపించలేదు. తర్వాత ఇంకో పేటలో ఇంకో సెంటర్‌లో చేరారని విన్నాను.

ఇప్పుడు నేను వేరేచోట పనిచేస్తున్నాను, అదీ రిపోర్టులు పంపే పనే. సంతకం కింద తేదీ చూస్తాను. ఆ తేదీన ఆ డాక్టర్ వచ్చారో లేదో లోపలికి వెళ్ళి అడుగుతాను. ఇక్కడివాళ్ళకి నా మీద విసుగు. "నీకెందుకమ్మా అదంతా, నువ్వు పంపితే చాలు కదా," అంటారు. ఆ మాట విన్న ప్రతిసారీ ఆ బుధవారంలాగే నోట్లో నీళ్ళూరతాయి. లేచి వెళ్ళి, పుక్కిలించి వచ్చి, మళ్ళీ అడుగుతాను.